నల్లపట్టీలు తీసేశాను

కొత్త టీవీని గోడకు బిగించి ఆన్ చేయగానే ఇంటివాళ్ళు ముందు చూసేది బొమ్మను కాదు, బొమ్మకు అటూఇటూ ఉన్న నలుపును. "ఏంది, గీ పక్కలకు నల్లగున్నది? టీవీ ఖరాబుందా?" అని అడుగుతారు. సూరత్‌లో ముప్పై ఏళ్ళకు పైగా టీవీలు బాగుచేశాను, బిగించాను. ఆ ప్రశ్నను తెలుగులో, హిందీలో, గుజరాతీలో కొన్ని వేలసార్లు విని ఉంటాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు నన్ను సర్క్యూట్ల గురించి రాయమంటారు. సర్క్యూట్లు నాకంటే మీ ఫోన్లలో బాగా దొరుకుతాయి. ఏ షాపులో ఎప్పుడు చేరాను, ఎప్పుడు సొంతంగా పెట్టుకున్నాను అన్నదీ మీకు పనికిరాదు. రిమోట్‌లో ఒక మీట ఉంటుంది, బొమ్మ ఆకారం మార్చేది. నేను రాసేది దాని గురించి. ఆ మీట నొక్కి నేను చేసిన తప్పు గురించి.

కాకా చెప్పిన మాట

మా నాన్న సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చి ఇక్కడ సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేశాడు. ఆ మోతలో నేను రెండు నెలలు కూడా నిలవలేకపోయాను. ఒక గుజరాతీ ఆయన దుకాణంలో టీవీ పనికి చేరాను. ఆయన్ని అందరూ శాంతికాకా అనేవారు. టంకం పెట్టడం, ఏ వాసన వస్తే ఏది కాలిందో పట్టుకోవడం, పాత సామాను కొత్తదని చెప్పి వేయకపోవడం, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. చెయ్యి వణికినా, అబద్ధం ఆడినా ఊరుకునేవాడు కాదు.

ఆయనకు ఒక మంత్రం ఉండేది. "ఘరాక్ ఖుష్, తో కామ్ ఖతమ్." కొనేవాడు నవ్వాడంటే నీ పని అయిపోయినట్టే అని. మిగతావన్నీ కాకా నాకు సరిగ్గా నేర్పాడు. ఇదొక్కటి తప్పుగా నేర్పాడు. అది తప్పని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

డబ్బా టీవీలు పోయి బల్లపరుపు టీవీలు వచ్చినప్పుడు ఈ నలుపు గొడవ మొదలైంది. పాత తెర వెడల్పు నాలుగు పాళ్ళయితే ఎత్తు మూడు పాళ్ళు. కొత్త తెర పదహారుకు తొమ్మిది. పాత కొలతలో తీసిన బొమ్మను కొత్త తెర మీద వేస్తే రెండు పక్కలా చోటు మిగులుతుంది. ఆ మిగిలిన చోటే నలుపు. దాన్ని పోగొట్టాలంటే బొమ్మను అడ్డంగా సాగదీయాలి, లేదంటే పెద్దది చేసి పైనా కిందా కోయాలి. సాగదీస్తే మనుషులు లావెక్కుతారు. కోస్తే తలలు పోతాయి. వేరే దారి ఉందని ఎవరైనా అంటే నమ్మకండి.

తల లేని మనిషి

సూరత్‌లోనే ఆల్థాన్ వైపు ఒక బ్యాంకు ఉద్యోగి ఇంట్లో టీవీ బిగించాను. గుంటూరు వైపు వాళ్ళు. ఇల్లాలి పేరు రమణిగారు. టీవీ పెట్టగానే తన పెళ్ళి క్యాసెట్‌ను డిస్కుగా మార్పించినది తెచ్చి వేయమన్నారు. పక్కల నలుపు కనిపించింది. ఆమె నోరు తెరిచేలోపే నేను జూమ్ నొక్కాను. తెర నిండింది. నమస్కారం పెట్టి వచ్చేశాను.

మరునాడు ఫోన్ చేశారు. "మా నాన్నగారి తల ఏమైందండీ?"

వెళ్ళి చూశాను. తలంబ్రాల దగ్గర అందరూ కూర్చుని ఉన్నారు, ఆయనొక్కడే వెనక నిలబడ్డాడు. ఆయన భుజాల దాకా కనిపిస్తున్నాడు, పైన లేదు. పెళ్ళయిన కొన్నాళ్ళకే ఆయన పోయాడట. కదిలే బొమ్మలో ఆయన ఉన్నది ఆ క్యాసెట్‌లో మాత్రమే.

"నేను రాత్రంతా డిస్కు పాడైపోయిందనుకుని ఏడ్చానండీ. మీరు ఒక్క మాట చెప్పి ఉండొచ్చుగా" అన్నారామె.

బొమ్మను సాగదీసి తల తెప్పించాను. తండ్రి కాస్త లావుగా కనిపించాడు గానీ మొత్తం కనిపించాడు. ఆమె సంతోషపడింది. ఆ రోజు నుంచి నేను ఎక్కడా బొమ్మను కోయలేదు. నలుపు వద్దన్నవాళ్ళకు సాగదీసి పెట్టాను. సాగదీస్తే ఏదీ పోదు కదా, రెండు నిమిషాల్లో కన్ను అలవాటు పడుతుంది కదా అనుకున్నాను. ఒక తప్పు నుంచి నేర్చుకున్నానని గర్వపడ్డాను కూడా. నిజానికి నేర్చుకున్నది సగమే.

నిలువు బొమ్మలు

కరోనా మొదటి ఏడాది లాక్‌డౌన్‌లో నాకు వచ్చిన పని చాలావరకు ఒకటే. ఊళ్ళో ఎవరో పోతారు. ఇక్కడివాళ్ళు వెళ్ళలేరు. అక్కడి నుంచి ఎవరో ఫోన్ నిలువుగా పట్టుకుని దహనం చూపిస్తారు. ఫోన్‌లో చిన్నగా ఉందని, అందరూ చూడాలని ఇక్కడ టీవీకి కలపమంటారు. ఇంత వెడల్పు తెర మీద మధ్యలో ఒక సన్నటి చీలిక, అందులో మనిషి.

"పెద్దగా చెయ్యన్నా" అనేవారు. చేస్తే ఛాతీ ఒక్కటే కనిపిస్తుంది, ముఖం పోతుంది, పాదాలు పోతాయి. "సన్నగున్నా పర్లేదు, మనిషి మొత్తం కనపడుతున్నాడు, ఇట్లనే చూడండి" అని చెప్పేవాణ్ణి. గుమ్మం బయట నిలబడి, మాస్కులోంచి అరిచి చెప్పేవాణ్ణి. వినేవారు.

ఇంత తెలిసినవాణ్ణే మరుసటి ఏడాది ఆ మీట నొక్కి తప్పు చేశాను.

మండపం ముందు టీవీ

రెండోసారి కరోనా వచ్చినప్పుడు ఆస్పత్రుల్లో మంచాలు దొరకలేదు. మా వైపు ఒక కులసంఘం వాళ్ళు తమ పెళ్ళిమండపాన్ని రోగుల కోసం ఇచ్చారు. లోపల మంచాలు, ఆక్సిజన్ సిలిండర్లు, ఇద్దరు డాక్టర్లు, కొందరు నర్సులు. అంతా నడిపించింది భరత్‌భాయ్ అనే ఆయన. బట్టల వ్యాపారి. ఇంటికి పోకుండా మండపం ఆఫీసు గదిలోనే పడుకునేవాడు. ఆయన్ని నేను చెడ్డవాడని అనను. ఈ కథలో చెడ్డవాళ్ళెవరూ లేరు. ఉంటే బాగుండేదేమో.

రోగుల తాలూకువాళ్ళు గేటు దగ్గర గుంపుగా నిలబడి లోపలికి పంపమని గొడవ చేసేవారు. భరత్‌భాయ్ నన్ను పిలిచి, "లోపలివాళ్ళను బయటివాళ్ళకు చూపించే దారి ఏదైనా చెయ్యి, సుదర్శన్‌భాయ్" అన్నాడు. దుకాణాలు మూసి ఉన్నాయి, కొత్త సామాను దొరకదు. నా దగ్గర పాత రకం కెమెరా ఒకటి పడి ఉంది. దాన్ని చక్రాల బల్ల మీద బిగించి, పొడుగాటి వైరు లాగి, బయట షామియానా కింద పెద్ద టీవీకి కలిపాను. బల్ల మీద ఒక ఫోన్ స్పీకర్‌లో పెట్టాం. ఉదయం పదకొండుకు, సాయంత్రం ఐదుకు నర్సు ఆ బల్లను మంచం మంచానికి తోసుకుంటూ పోయేది. బయట ఎవరి వంతు వస్తే వాళ్ళు లేచి మాట్లాడేవారు.

పాత కెమెరా కనుక బొమ్మ పాత కొలతలోనే వచ్చింది. రెండు పక్కలా నల్లపట్టీలు. మొదటి పూటే ఒకామె లేచి, ఇది పోయినవాళ్ళ ఫోటోలా ఉంది, నల్ల అంచు కట్టినట్టుంది, తీసెయ్యండని ఏడుపు మొదలుపెట్టింది. వెనక ఇంకో ఇద్దరు అందుకున్నారు. భరత్‌భాయ్ నా వైపు చూశాడు.

నేను మీట నొక్కాను. పట్టీలు పోయాయి. తెర నిండా మంచం, మంచం మీద మనిషి. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఘరాక్ ఖుష్.

అక్కడ కూర్చున్నవాళ్ళలో మా గల్లీ పద్మ ఉంది. ఆమె భర్త మల్లేశం సాంచాల మీద పనిచేసేవాడు. మొదటినుంచీ బక్కమనిషి. వాడి దగ్గర బటన్ల ఫోన్ తప్ప ఇంకోటి లేదు, కనుక వాళ్ళకు ఆ టీవీయే దిక్కు. ఇంట్లో వాడి తల్లి నర్సవ్వ ఉంది. కొడుకును టీవీలోనైనా చూస్తానని రోజూ అంటోంది. కానీ ఆటోలు తిరగడం లేదు, ముసలామె అంత దూరం ఎండలో నడవలేదు. పద్మ తానే వచ్చి చూసి, ఇంటికి ఫోన్ చేసి చెప్పేది.

రెండో రోజు పద్మ మొగుడి ముఖం చూసి నాతో, "మొకం జర నిండినట్టున్నదన్నా" అంది.

"మంచిగనే ఉన్నడు చెల్లె" అన్నాను. ఆ మాట అనేటప్పుడు నేను మీట సంగతి ఆలోచించలేదు. ఇది నిజం.

లోపల

నాలుగో రోజు బొమ్మ ఆగిపోయింది. బల్ల చక్రం కింద పడి వైరు తెగింది. నర్సులకు చేతకాదు, నేనే వెళ్ళాలి. ప్లాస్టిక్ కిట్టు తొడిగి లోపలికి పంపారు. కళ్ళద్దాలకు ఆవిరి పట్టి సగమే కనిపిస్తోంది. వైరు అతుకుతుంటే పక్క మంచం మీంచి ఎవరో చెయ్యి ఊపారు.

మల్లేశం. నేను గుర్తుపట్టలేదు. వాడే పేరు చెప్పాడు.

దవడ ఎముకలు బయటికి పొడుచుకొచ్చాయి. కణతల దగ్గర గుంటలు పడ్డాయి. మాస్కు పట్టీ చెంప మీద కాకుండా ఎముక మీద ఆనుకుని ఉంది. బయట తెర మీద నాలుగు రోజులుగా నేను చూస్తున్న ముఖం ఇది కాదు. ఆ ముఖాన్ని నేనే తయారుచేశాను. ప్రతి మూడు పాళ్ళకు ఒక పాలు అదనంగా కలిపి, గుంటలు నింపి, చెంపలు పెట్టి వాళ్ళ ముందు ఉంచాను.

మల్లేశం మాస్కు కొంచెం ఎత్తి, ఊపిరికీ ఊపిరికీ మధ్య అడిగాడు. "అన్నా, టీవీల ఎట్ల కనవడ్తున్న?"

"మంచిగనే కనవడ్తున్నవ్."

"గట్లనే ఉండనీ. అవ్వ బుగులు వడ్తది."

వైరు అతికి బయటికి వచ్చాను. కిట్టు విప్పి నేరుగా భరత్‌భాయ్ దగ్గరికి పోయాను. "బొమ్మ తప్పు, సాబ్. అందరూ ఉన్నదానికంటే లావుగా కనిపిస్తున్నారు. పట్టీలు మళ్ళీ పెట్టేస్తాను" అని చెప్పాను.

ఆయన మొదట అర్థం చేసుకోలేదు. అర్థమయ్యాక గేటు వైపు చూశాడు. తర్వాత హిందీలో అన్నాడు: "నాలుగు రోజుల నుంచి గేటు దగ్గర గొడవ లేదు. ఇప్పుడు ఒక్కసారిగా అందరూ చిక్కిపోయి కనిపిస్తే వీళ్ళు గేటు విరగ్గొట్టి లోపలికి వస్తారు. లోపలికి వచ్చినవాళ్ళు రేపు మంచాలెక్కుతారు. రెహ్నే దో, సుదర్శన్‌భాయ్. ఉండనీ."

ఆయన మాట నాకు సబబుగానే తోచింది. రిమోట్ జేబులో పెట్టుకున్నాను.

ఐదు గంటలకు

ఆ సాయంత్రం మల్లేశం వంతు వచ్చింది. తెర మీద వాడు కళ్ళు తెరిచి చూశాడు, చెయ్యి కూడా ఎత్తాడు. పద్మ ముఖం విప్పారింది. "సూడన్నా! ఇంటికాడ గూడ ఇంత మంచిగ లేకుండె" అంది.

మరునాడు నర్సవ్వను తీసుకురావడానికి పక్కింటివాళ్ళు బండి మాట్లాడి ఉంచారట. పద్మ అక్కడే నిలబడి ఇంటికి ఫోన్ చేసింది. నాకు రెండడుగుల దూరంలో ఉంది.

"అత్తమ్మా, రేపు రాకు. ఎండల వడి రాకు. ఆయనకు మంచిగైంది, మొకం నిండింది, చెయ్యి గూడ లేపిండు. రెండు మూడు రోజులైతే ఇంటికే తోలుతరేమో. ఈడికొస్తె నీకు అంటుకుంటది. నా మాటిను."

అవతల ముసలామె ఏదో అడుగుతోంది. పద్మ నవ్వి, "కండ్లార సూసిన అత్తమ్మా, నీకు అబద్ధం చెప్తనా?" అంది. ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది. "గంతే గదన్నా?"

నోటి దాకా వచ్చింది. చెల్లె, అవ్వను రానియ్యి, రేపే రానియ్యి అనడానికి ఎంత సేపు పడుతుంది? నా జేబులో రిమోట్ ఉంది. ఒక్క మీట నొక్కితే నేను నోరు విప్పే పని కూడా లేదు. భరత్‌భాయ్ ఆఫీసు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నేను తల ఊపాను. ఊ అని ఊపాను.

మల్లేశం మరునాడు ఉదయం, కెమెరా బల్ల బయలుదేరకముందే పోయాడు. అప్పటి కట్టుబాటు ప్రకారం మూటకట్టి అక్కడి నుంచే శ్మశానానికి తీసుకుపోయారు. పద్మను దూరం నుంచి చూడనిచ్చారు. నర్సవ్వ వచ్చేసరికి శవాల బండి వెళ్ళిపోయింది.

ఆ రోజు పదకొండుకు నేను ఎవరినీ అడగకుండా మీట నొక్కాను. పట్టీలు వచ్చాయి, మధ్యలో మనుషులు ఉన్నది ఉన్నట్టు వచ్చారు. షామియానా కింద ఏడుపులు మొదలయ్యాయి. ఒకాయన నా చొక్కా పట్టుకుని, నిన్న బాగున్న మా నాన్నకు రాత్రికి రాత్రి ఏం చేశారని గుంజాడు. ఏం జరిగిందో చెప్పాను. బూతులు తిట్టాడు. తిట్టి, అక్కడి నుంచే ఊరి చివర ఇచ్ఛాపూర్ ఫ్యాక్టరీలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి, ఉన్నపళంగా బయలుదేరమన్నాడు. తమ్ముడు సాయంత్రానికి వచ్చాడు, తండ్రితో మాట్లాడాడు. ఆ తండ్రి మూడో రోజు పోయాడు.

గేటు విరగలేదు.  భరత్‌భాయ్ ముసలివాళ్ళ కోసం షామియానా కింద ఇంకో వరస కుర్చీలు వేయించాడు. ఆయన భయం తప్పని తేలినా నాకు ఆయన మీద కోపం రాలేదు. ఆయన లోపలికి పోయి చూడలేదు. నేను చూశాను.

నర్సవ్వ

కొత్తవాళ్ళకు చెప్పదగ్గ మాట నా దగ్గర ఉంటే అది ఇదే. యజమాని "ఉండనీ" అంటాడు. కొనేవాడు "నిండుగా ఉంది" అంటాడు. బొమ్మ తప్పని ఆ గదిలో తెలిసినవాడివి నువ్వొక్కడివే అయి ఉంటావు. అప్పుడు నోరు విప్పడమూ పనిలో భాగమే. దాన్ని నీ బదులు చేసేవాడు అక్కడ ఉండడు. నేను తర్వాత ఎక్కువ రోజులు పనిచేయలేదు. చేసినన్ని రోజులు ఎవరు అడిగినా సాగదీయలేదు. చాలామంది విసుక్కున్నారు.

దినాలు అయిపోయాక వాళ్ళింటికి పోయాను. పద్మ గడప దగ్గర బియ్యం ఏరుతోంది. నర్సవ్వ మంచం మీద కూర్చుని ఉంది. జరిగింది జరిగినట్టు చెప్పాను. పట్టీలు, మీట, లోపల నేను చూసిన ముఖం, భరత్‌భాయ్ మాట, ఆ సాయంత్రం నేను తల ఊపడం. పద్మ చేతులు చేటలోనే ఆగిపోయాయి.

నర్సవ్వ అడ్డు రాలేదు. అంతా విని, "మరి లోపట ఎట్లుండె నా కొడుకు? ఉన్నదున్నట్టు చెప్పు" అంది.

చెప్పాను. దవడల గురించి చెప్పాను. గడ్డం మాసిందా అని అడిగింది, మాసిందన్నాను. ఏ పక్కకు పండుకున్నాడని అడిగింది, కుడి పక్కకన్నాను. ఏమన్నా అన్నడా అని అడిగింది. అది కూడా చెప్పాను. అవ్వ భయపడుతుంది, అట్లనే ఉండనీ అన్నాడని. చెప్పేటప్పుడు నా గొంతులో కొంత ధైర్యం వచ్చింది. వాడే అడిగాడు కదా అన్న ధైర్యం. ముసలామె దాన్ని పట్టేసింది.

"వాడు బీమార్ల ఉండి అన్నడు బిడ్డా. నువ్వు మంచిగుండి ఎట్లింటివి?"



"ఎట్లున్నా సూస్తుంటి" అంది. "బొక్కలు దేలినా సూస్తుంటి. నేను కన్నోడు గాదు?"

 కాసేపటికి లేచి లోపలికి పోయి ఒక గ్లాసులో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. తాగి లేచాను. గడప దాటుతుంటే పద్మ కాళ్ళు పక్కకు తీసుకుంది, తల మాత్రం ఎత్తలేదు.

నర్సవ్వ ఇప్పుడు కూడా ఎదురైతే పలకరిస్తుంది. పద్మ పలకరించదు. ఒకే గల్లీలో ఉన్నాం, రోజూ కనపడుతుంది, చూపు తిప్పుకుని పోతుంది. నేను ఆమెను పిలవను.